బెత్తెడు వైరు

సోల్డరింగ్‌లో, అంటే సీసం కరిగించి వైర్లు అతకడంలో, నన్ను మించినవాళ్లు లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు కూడా అది అబద్ధమని అనను. నా చెయ్యి మంచిదే. ఆ మంచి చెయ్యే ఒక పెద్దమనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని తీసేసింది.

పెళ్లికి ముందూ, తర్వాత నాలుగేళ్లూ రేడియోలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాను. పొడుగాటి బల్లకి రెండువైపులా ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. సూపర్‌వైజరమ్మ భూతద్దం పట్టుకుని వెనకనుంచి వచ్చేది. అతుకు వెండిచుక్కలా మెరిస్తే బోర్డు ముందుకు పోయేది. మసకగా ఉంటే మళ్లీ మన ఒళ్లోకే వచ్చేది. మెరవని అతుకు అతుకే కాదని మాకందరికీ నరనరానా ఇంకిపోయింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక నేర్చుకున్నవన్నీ మర్చిపోయాను గానీ అదొక్కటి మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఎంత బాగుండేది.

మా ఆయన షూటింగుల్లో లైట్‌మన్. కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. కిటికీ పక్కన బల్ల వేసుకుని వాకీటాకీలు బాగుచేసేదాన్ని. తొంభైలు మొదలైన కొత్తల్లో పెద్ద యూనిట్లన్నిటికీ అవి వచ్చేశాయి. షూటింగు వాళ్ల చేతిలో వస్తువు బతకడం కష్టం. ఒకరు టీలో ముంచుతారు, ఒకరు కోపమొస్తే నేలకేసి కొడతారు, మూడోవాడు దాని మీదే కూర్చుంటాడు. నా దగ్గర పనికి కరువు లేదు. ఆడమనిషి బాగుచేస్తుందట అని మొదట నవ్వినవాళ్లే తర్వాత వరసలో నిలబడ్డారు. ఆ గర్వం నాకు తలకెక్కిందని ఒప్పుకుంటాను.

షూటింగులకి క్రేన్లు, ట్రాలీలు అద్దెకిచ్చే కంపెనీ పెద్దాయన ఒకరోజు స్వయంగా వచ్చారు. కోస్తా నుంచి వచ్చి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. అప్పటికి అరవై దాటాయి. వ్యాపారమంతా కొడుకే చూసుకునేవాడు. నేను బాగుచేసిన వాకీటాకీ మూత విప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, అతుకుల్ని చాలాసేపు చూశారు. విమానానికి వైరింగు చేస్తావా అని అడిగారు. ఏ సినిమాకని అడిగాను. మా వీధిలో ఎవరైనా అదే అడుగుతారు. ఆయన నవ్వి, నిజం విమానమే, నేనే కడుతున్నాను అన్నారు.

ఇంటి వెనక బండరాళ్ల మధ్య చదును చేసిన చోట రేకుల షెడ్డు. దాంట్లో రెక్కలు ఊడదీసి గోడకి ఆనించిన చిన్న విమానం. పోస్టులో తెప్పించుకున్న నక్షాలు చూసి, సెట్లు వేసే వడ్రంగిని ఒకణ్ణి తోడు పెట్టుకుని, ఆరేళ్లుగా కడుతున్నారట. కుర్రతనంలో ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకున్నారు. తర్వాత సంసారం, వ్యాపారం మీదపడి అది అటకెక్కింది. ఇప్పుడు మళ్లీ లైసెన్సు బతికించుకున్నారు. కానీ ఈసారి వైద్యపరీక్షలో గట్టెక్కించిన డాక్టరు, రక్తపోటు ఇలా ఉంటే వచ్చేసారికి సంతకం పెట్టలేనని ముందే చెప్పేశాడు. అంటే వచ్చే పరీక్ష గడువు లోపల ఎగిరితే ఎగిరినట్టు, లేకపోతే ఇక లేనట్టే. అప్పటికి ఎనిమిది నెలలుంది.

రోజూ పొద్దున్నే నడిచి వెళ్లేదాన్ని. వైరింగు పటం ఆయనే పాత షూటింగు షెడ్యూలు కాగితాల వెనక గీసుకున్నారు. ప్రతి వైరుకీ ఒక నంబరు. మిగిలిన ముక్కల్ని కూడా కూరగాయల త్రాసులో తూచేవారు. గ్రాము బరువు తగ్గినా మొహం వెలిగిపోయేది. సెట్లో అయితే కేబుల్ చుట్టలు చుట్టలుగా వదిలేస్తాం, రేపు పీకేసేదే కదా అని. ఇక్కడ జానెడు ఎక్కువున్నా ఆయన కత్తెర తీసుకుని వచ్చేవారు. నాకు విసుగొచ్చేది. ఒకటి రెండుసార్లు మొహం మీదే అనేశాను కూడా. ఆయనకి కోపం రాలేదు.

ఇంజను మొదటిసారి తిప్పిన రోజు హెడ్‌ఫోనులో మాటకి బదులు కరకరమని ఒకటే రొద. నిప్పురవ్వ పుట్టించే వైర్ల నుంచి రేడియోలోకి పాకుతున్న చప్పుడది. మూడు రోజులు కూర్చుని, ఆ వైర్లకి జాలీ తొడుగు వేసి, ఎక్కడ ఎర్తు ఇవ్వాలో వెతికి వెతికి పట్టుకున్నాను. నాలుగో రోజు ఇంజను తిరుగుతుంటే రేడియోలో మాట స్పష్టంగా వినిపించింది. ఆయన కాఫీ తెప్పించి, ముందు నాకిచ్చి తర్వాత తాగారు. ఆ కాఫీ తర్వాత నేను ఎవరి మాటా వినే స్థితిలో లేను.

అసలు మొదటి రోజే ఆయన ఒక షరతు పెట్టారు. ఈ విమానంలో సోల్డరింగ్ వద్దు. వైరు చివరని చిన్న రాగి గొట్టంలోకి దూర్చి, ప్రత్యేకమైన ప్లయర్‌తో గట్టిగా నొక్కాలి, అంతే. ఆ ప్లయర్‌ని ఎవరో తెలిసినవాళ్లతో విదేశాల నుంచి తెప్పించారు. వద్దనడానికి కారణం కూడా చెప్పారు.

"చూడమ్మాయ్, నీ రేడియో బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. ఇది అలా కాదు, ఎగిరినంతసేపూ వణుకుతూనే ఉంటుంది. సీసం పోస్తే వైరు బిరుసెక్కుతుంది. బిరుసెక్కింది వణికితే విరుగుతుంది."

సరే సార్ అన్నాను. మనసులో మాత్రం, సోల్డరింగ్ రానివాళ్ల కోసం కనిపెట్టిన పని ఇది అనుకున్నాను. నొక్కిన గొట్టాలు గుడ్డిగా, మసకగా కనిపించేవి. అలా వదిలేసి ఇంటికెళ్తే నాకు అన్నం సయించేది కాదు. చాలావాటిని ఆయన చెప్పినట్టే వదిలేశాను. కానీ పైలట్ విమానాన్ని తిప్పడానికి పట్టుకునే స్టిక్ మీద రేడియోలో మాట్లాడే బటన్ ఉంటుంది. అది నొక్కితేనే మన మాట బయటికి పోతుంది. అన్నిట్లోకీ ముఖ్యమైనది అదే కదా, గట్టిగా ఉండాలి కదా అనుకున్నాను. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆ బటన్ దగ్గర నొక్కిన గొట్టం మీద ఒక చుక్క సీసం పోశాను. అది లోపలికి ఇంకి వెండిలా మెరిసింది. పైన తొడుగు వేసేశాను. చాలా తృప్తిగా అనిపించింది.

తనిఖీకి వచ్చిన అధికారి వైర్లు లాగి చూశాడు. నంబర్లు వేసిన తీరు మెచ్చుకున్నాడు. క్రేన్లు మోసే లారీలోనే రెక్కల్నీ విమానాన్నీ ఎక్కించి ఊరి బయటి చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి తీసుకెళ్లారు. కృష్ణానగర్ మీదుగా పోతుంటే జూనియర్ ఆర్టిస్టులు అరుగుల మీద లేచి నిలబడి హీరో ఎవరని అడిగారు. డ్రైవరు పక్కన కూర్చున్న పెద్దాయన నేనేనని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. గడువుకి ఇంకా ఆరు వారాలుంది.

ఆయన ఎగిరినప్పుడు నేను కంట్రోల్ గది బయట, స్పీకరు కింద నిలబడ్డాను. లేవగానే ఆయన గొంతు ఒకసారి వచ్చింది. తర్వాత మలుపు తిరిగేటప్పుడు చెప్పాలి, చెప్పలేదు. కంట్రోల్ గదిలోని అధికారి మూడుసార్లు పిలిచాడు. జవాబు లేదు. అదే సమయానికి అవతలి వైపు నుంచి, నేర్చుకుంటున్న ఒక విద్యార్థి అదే రన్‌వే మీదికి ఒంటరిగా దిగుతున్నాడు. అధికారి రేడియోలో చెప్పి ఆ విద్యార్థిని ఆఖరి క్షణంలో మళ్లీ పైకి పంపించాడు. పెద్దాయన విమానం వచ్చి చక్కగా దిగింది.

దిగినప్పుడు ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను అంతకుముందు చూడలేదు, తర్వాత ఎలాగూ చూడలేదు. ఎదురుగా వస్తున్న అధికారి మొహం చూశాక అది పోయింది. మీరు పిలిచిన ప్రతిసారీ నేను జవాబిచ్చానండీ అన్నారు. అయితే రేడియో చూద్దామని అందరూ కాక్‌పిట్ దగ్గరికి వెళ్లారు. బటన్ నొక్కారు. స్పీకర్లో మాట వచ్చింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ వచ్చింది. రేడియో బాగానే ఉంది, మీరే నొక్కడం మర్చిపోయి ఉంటారు అన్నాడు అధికారి, మర్యాదగానే. కొడుకు పక్కనే నిలబడి విన్నాడు. ఆ సాయంత్రమే రెక్కలు విప్పి, విమానాన్ని మళ్లీ లారీలో ఇంటికి తెచ్చేశారు.

మర్నాడు షెడ్డులో ఆ బటన్ తొడుగు విప్పాను. పైన ప్లాస్టిక్ చెక్కుచెదరలేదు. అతుకు ఇంకా మెరుస్తూనే ఉంది. వేలితో కొంచెం లాగితే, సీసం ఆగిపోయిన చోట ప్లాస్టిక్ సాగింది. లోపల రాగి పుటుక్కున విరిగి ఉంది. స్టిక్ నిలకడగా ఉంటే రెండు చివరలూ తగులుతున్నాయి. వెనక్కి లాగితే విడిపోతున్నాయి. నేల మీద ఎవరూ స్టిక్ లాగుతూ బటన్ నొక్కలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగింది.

బెత్తెడు ముక్క కత్తిరించాను. కొత్త వైరు వేసి, ఈసారి సీసం చుక్క లేకుండా ప్లయర్‌తో నొక్కాను. కత్తిరించిన ముక్కని కొంగున ముడేస్తుండగా ఆయన గుమ్మంలోకి వచ్చారు. రాత్రి నిద్ర లేనట్టుంది.

"ఏమైనా దొరికిందా అమ్మాయ్?"

"ఏం లేదు సార్. అంతా మంచిగనే ఉన్నది."

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. భయపడి అన్నానని చెప్పుకోవచ్చు. కృష్ణానగర్‌లో మాట పాకిందంటే రేపటి నుంచి నా బల్ల దగ్గరికి ఎవరూ రారని. అది కొంత నిజం. అసలు నిజం పొగరు. నా అతుకు విరిగిందని నా నోటితో నేను చెప్పలేకపోయాను. ఇంట్లో మా ఆయనకి మాత్రం చెప్పాను. ఊకో, గిప్పుడు చెప్పి ఏం లాభం అన్నాడు. నాకు కావలసిన మాట అదే కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

తర్వాత వారం విమానయాన శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మళ్లీ ఎగరాలంటే జ్ఞాపకశక్తితో సహా కొత్తగా వైద్యపరీక్ష కావాలట. ఆ పరీక్షకి కొడుకు తీసుకెళ్లనన్నాడు. చెడ్డవాడేం కాదు, తండ్రి ఎక్కడ ప్రాణం మీదికి తెచ్చుకుంటాడోనని నిజంగానే భయపడ్డాడు. ఆ ఆరు వారాలూ గడిచిపోయాయి. ఆయన కారు తాళాలు కూడా డ్రైవరు దగ్గరే ఉంచమన్నారు ఇంట్లోవాళ్లు. మొదట్లో ఆయన నొక్కానని కొట్లాడేవారు. తర్వాత నొక్కానేమో అనేవారు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. వాకీటాకీలు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. గేటు వేశారో లేదో చూసుకోవడానికి మూడుసార్లు వెనక్కి వెళ్లేవారు. తాను కాఫీ తాగానా లేదా అని వంటమనిషిని అడిగేవారు. ఆయన మతిమరుపు మనిషి కాదు. గ్రాములు తూచి విమానం కట్టిన మనిషి. మతిమరుపని అందరం కలిసి ఒప్పించాం, అందులో తిరుగులేని మాట నాది.

మరుసటి ఏడాది కొడుకు ఆ విమానాన్ని ఒక షూటింగుకి ఇచ్చేశాడు. క్లైమాక్సులో తగలబెట్టడానికట. కాల్చే ముందు రేడియో తీసిపెట్టమని నాకు కబురు వచ్చింది. ఆ రోజు కొంగున ఆ వైరు ముక్క ముడేసుకుని వెళ్లాను. ఆయన షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రేడియో తీసి పక్కన పెట్టి, వైరు ఆయన చేతిలో పెట్టి మొత్తం చెప్పాను. సీసం పోసిన సంగతి, విరిగిన సంగతి, దాచిన సంగతి.

"తప్పు నాది సార్. మీరు నొక్కిండ్రు. వైరే తెగింది."

కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మొదటి రోజు నా అతుకుల్ని చూసినంత శ్రద్ధగా ఆ విరిగిన చివరని చూశారు. తిట్టాలని కోరుకున్నాను. చెయ్యి చేసుకున్నా సంతోషంగా పడేదాన్ని. ఆయన నవ్వి, వైరు నా చేతిలోనే తిరిగి పెట్టారు.

"ఇలాంటి ముక్కలు నువ్వు కావాలంటే పది చేసుకురాగలవు, నీ పనితనం నాకు తెలియదా. నా కోసం ఇంత అబద్ధం ఎందుకమ్మా? నాకు బాగా గుర్తుంది. వేలు బటన్ మీదికి వెళ్లనే లేదు."

ఒట్టేసి చెప్పాను. ఏడ్చాను. ఎంత ఏడిస్తే ఆయనకి నా మంచితనం మీద అంత నమ్మకం పెరిగింది. తల మీద చెయ్యి పెట్టి చల్లగా ఉండమన్నారు. బయట లారీ హారన్ కొడుతోంది. సెట్టు వాళ్లు వచ్చి విమానాన్ని తోసుకుంటూ తీసుకెళ్లారు. ఆయన లేచి, రెక్క గుమ్మానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టారు.

రెండేళ్లకి ఆయన పోయారు. పెద్దకర్మ రోజు కొడుకు నన్ను ఇంట్లోకి పిలిచి, అందరి ముందూ కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. నాన్నగారే నాకు చెప్పారు, ఆయన మనసు కష్టపెట్టలేక తప్పు తన మీద వేసుకున్న మనిషి ఈవిడే అని చుట్టాలకి చెప్పాడు. వాళ్లు నాకు దండం పెట్టారు. నేను తల వంచుకుని అన్నం తిన్నాను.