సిగ్నల్ లేనప్పుడు పలికే గొంతు

కొన్నేళ్లుగా నేను నా గొంతుకే భయపడుతున్నాను.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ తక్కువ మాట్లాడే పిల్లని కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. కూరగాయల బండివాడితో ఒడియాలో రెండు ముక్కలు, అమ్మతో నాలుగు మాటలు, ఆఫీసులో తల ఊపడం. అందరూ సిగ్గనుకుంటారు. ఒకప్పుడు అది సిగ్గే. ఇప్పుడు కాదు. ఇప్పుడు దాక్కుంటున్నాను.

రోజూ డైరీ రాస్తాను. చదివిన పుస్తకాలు, పడిన వాన, అమ్మ మీద వచ్చిన కోపం, అన్నీ రాసుకున్నాను. ఇది మాత్రం రాయలేదు. రాస్తే నిజమైపోతుందనా? రాయనంత మాత్రాన నిజం కాకుండా పోయిందా? మీరెవరో నాకు తెలియదు. నా మొహం మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది బరంపురం. నాన్నకి పప్పుల దుకాణం ఉంది, తాతగారు పెట్టింది. నేను లంజిపల్లిలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాను. కింద మోటారు సైకిళ్ల సామాన్ల కొట్టు, పైన మేము అయిదారుగురం. యాప్‌లు తయారు చేస్తాం. తయారైన యాప్‌ని జనం ఫోన్లలోకి పంపే ముందు మూట కట్టాలి. ఆ మూటలో ఏమేం ఉన్నాయో, ఏ మాట ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలు అంటాం. అందులో ఒక్క కామా తప్పినా, ఒక్క గడి ఖాళీగా ఉన్నా మూట ముడి పడదు. ఎర్ర అక్షరాలు వస్తాయి. ఆ ఎర్ర అక్షరాలు చదివి సరిచేయడమే నా పని. నాకది ఇష్టం. మనుషులకి కోపం వస్తే ఎందుకొచ్చిందో చెప్పరు. ఎర్రర్ చెబుతుంది, ఫలానా లైనులో ఫలానా తప్పని.

కొన్నేళ్ల కిందట మేము చేపల వేటకెళ్లేవాళ్ల కోసం ఒక యాప్ చేశాం. రామయ్యపట్నం, సోనేపూర్ వైపు పడవల వాళ్లకి. బొత్తాం నొక్కితే ఆ రోజు సముద్రం ఎలా ఉంటుందో తెలుగులో పలుకుతుంది. చదువు రానివాళ్లకి కూడా పనికొస్తుందని గొంతు పెట్టాం. కబుర్లన్నీ ఒక మగ గొంతు చెబుతుంది. గంభీరమైన, నమ్మబుద్ధి వేసే గొంతు.

మర్నాడు రామయ్యపట్నంలో దాన్ని మొదలుపెట్టాలి. మూట ముడి పడడం లేదు. ఒక తప్పు సరిచేస్తే ఇంకోటి. వెర్షన్ నంబరు పెంచలేదు, పెంచాను. బొమ్మ సైజు సరిపోలేదు, మార్చాను. చివరికి ఒక్కటే మిగిలింది. సిగ్నల్ అందనప్పుడు ఏం పలకాలన్న గడి ఖాళీగా ఉంది. దానికి గొంతు రికార్డు చేయించడం అందరం మరిచిపోయాం.

మా సారు వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నారు. "ఏటమ్మా, ఇంకా అవనేదా? ఏదోటి ఎట్టియ్. తరవాత మార్సుకుందాం."

ఏదో ఒకటి.

నా ఫోన్‌లో నేనే రికార్డు చేశాను. మొదట "సమాచారం లేదు" అన్నాను. విన్నాను. చెరిపేశాను.

ఎందుకు చెరిపానో మీకు చెప్పాలి, ఈ కథంతా అక్కడే ఉంది. మా ఇంట్లో "లేదు" అనరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. పొద్దున్నే బోణీ బేరానికి వచ్చినవాడు కందిపప్పు అడిగితే, అది కొట్లో లేకపోయినా నాన్న లేదనడు. "సాయంత్రం రా బాబూ, వత్తాది" అంటాడు. మొదటి మాట మంచి మాట కావాలి. పుట్టినప్పటి నుంచీ ఇదే విన్నాను. రేపు ఆ ఊళ్లో సముద్రపు ఒడ్డున ఎవరో మొదటిసారి ఆ బొత్తాం నొక్కితే, అందులోంచి "లేదు" అని వినిపించడమా? నా నోరు ఒప్పుకోలేదు.

"సముద్రం నిమ్మళంగా ఉంది. ఎల్లి రండి."

ఇలా అన్నాను. ఆ ఊరివాళ్లు మాట్లాడుకునేలా అన్నాను, మెల్లగా, ఇంట్లో మనిషిని సాగనంపినట్టు. గడి నిండింది. ఎర్ర అక్షరాలు పోయాయి. మూట ముడి పడింది. నాకు ఎంత సంతోషమేసిందో!

తరవాత మార్చుకుందామన్నది ఎవరూ మార్చలేదు. ఆఫీసులో సిగ్నల్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ మాట ఎవరికీ వినపడలేదు. దాని సంగతి సారుకి గుర్తు లేదు. నాకు గుర్తుంది. కానీ ఊరుకున్నాను. నా గొంతు అలా ఎన్నో ఫోన్ల అడుగున, ఎవరూ పిలవకుండా, సిగ్నల్ పోవడం కోసం చూస్తూ కూర్చుంది.

సముద్రం మీద గాలి లేస్తే, అది ఒడ్డుకి చేరకముందే కరెంటు తీసేస్తారు, ముందు పోయేది ఫోను టవరే. ఈ సంగతి ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. నాకు తట్టలేదు. సముద్రం నిమ్మళంగా లేని రోజునే నా గొంతు పలుకుతుంది. నేను తయారు చేసింది అది.

దానేసు అని రామయ్యపట్నంలో ఒకాయన. నడివయసు మనిషి. వాయుగుండం వస్తోందన్న కబురు ముందురోజు సాయంత్రం అందరి ఫోన్లూ చెప్పాయి. ఆయన ఆ సాయంత్రం ఊళ్లో లేడు, ఫోను ఇంట్లో వదిలి చుట్టాలింటికి ఇచ్ఛాపురం వెళ్లాడు. తెల్లారకట్ట ఇంటికొచ్చి, బొత్తాం నొక్కాడు. అప్పటికే టవరు పోయింది; ముందురోజే కబురు విన్నవాళ్లెవరూ ఆ పొద్దున మళ్లీ నొక్కలేదు. గాలి ఇంకా ఒడ్డుకి రాలేదు. పక్కింటివాళ్లు వద్దన్నారట. "అది నిన్నటి కబురు, ఇది ఇప్పుడు సెప్పింది" అన్నాడట. ఫోను ఇంట్లో పెట్టి, బావమరిది సింహాద్రిని లేపి పడవ దింపాడు.

మధ్యాహ్నానికి దానేసు ఒక్కడే ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. సింహాద్రి రాలేదు. శవం కూడా రాలేదు.

ఈ సంగతి మాకు ఆఫీసులో తెలిసింది. సారు ఫోన్ పెట్టేసి, బాధపడుతూనే నవ్వారు. "పాపం, ఆడికి బుర్ర తిరిగినట్టుంది. మన యాప్‌లో ఎవత్తో ఆడపిల్ల ఎల్లి రండి అందట. ఆడగొంతు ఎక్కడిదర్రా మన దాంట్లో?"

అందరూ లేదన్నారు. నేను కంప్యూటరు వైపు తిరిగి కూర్చున్నాను. నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? ఏడవలేదు. లేచి చెప్పలేదు. ఆ రికార్డు తీసేశాను. పాత రికార్డుల ముక్కలు అతికించి, ఆ గడిలో మగ గొంతుతో "సమాచారం అందలేదు, వేటకి వెళ్లకండి" అన్నది పెట్టాను. వెర్షన్ పెంచి, కొత్త మూట కట్టి పంపాను. ఏం మార్చారని అడిగే చోట "చిన్న సవరణలు" అని రాశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అంత శుభ్రంగా ఎప్పుడూ జరగలేదు.

దానేసు తన ఫోన్‌లో ఆ బొత్తాం నొక్కుతూనే ఉన్నాడట. సిగ్నల్ వచ్చేసింది కాబట్టి మగ గొంతే పలికేది. పొద్దున నొక్కేవాడు, మధ్యాహ్నం నొక్కేవాడు, చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. కొత్త మూట ఆ ఫోన్‌లోకి చేరేలోగా ఎవరైనా దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఉంటే చాలు, నేను పలికేదాన్ని. ఆ ఇంట్లో, అందరి మధ్య. ఎవరికీ తోచలేదు. తోచిన దాన్ని నేనొక్కదాన్నే, నేను లంజిపల్లిలో ఉన్నాను.

ఆ ఊరి పెద్దలు ఓసారి వచ్చి చూడమన్నారు. సారు నన్ను వెంట తీసుకెళ్లారు, ఫోన్ పరీక్ష చేసేది నేనే కాబట్టి. దానేసు ఇంటి ముందు జనం పోగయ్యారు. ఆయన భార్య నీలమ్మ గడప లోపల గోడకి చేరబడి ఉంది. పోయింది ఆమె తమ్ముడు. ఆయన వైపు చూడడం లేదు. ఊరివాళ్లు ఒక మాట తేల్చేసుకున్నారు. కడలి మీది గాలి సోకింది ఇతనికి. ఆడగొంతుతో పిలిచింది. పిలిచినవాడిని వదిలి పక్కవాడిని తీసుకుంది. మళ్లీ పిలుస్తుంది. ఇతను ఎక్కిన పడవ ఇంకెవరూ ఎక్కకూడదు.

ఫోన్ నా చేతికిచ్చారు. చూశాను. కొత్త మూట చేరిపోయింది. నా గొంతు అందులో లేదు.

"ఏటి, ఏటుందందులో?" అందొక ముసలమ్మ. నేను పలకలేదు. "టవును పిల్లకి మాటలు రావేటి? మూగదాన్ని తెచ్చినారేటి?"

నవ్వులు. సారు కూడా నవ్వారు. "మా పిల్ల మాటాడదమ్మా, పని సేత్తాది."

అప్పుడు దానేసు నా ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. నా వైపు కాదు, నా చేతిలో ఫోన్ వైపు చూస్తూ అడిగాడు. "అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నాను ఇన్నాను తల్లీ. మా ఇంటి పిల్ల సెప్పినట్టే సెప్పింది. ఈలందరూ నాకు గాలి సోకిందంతన్నారు. నా బుర్ర సెడిపోనేదు. ఒక్క ముక్క సెప్పు. ఇందులో ఆడగొంతు ఉందా, నేదా?"

నోరు తెరిస్తే ఆయన పోల్చుకుంటాడు. నాకు తెలుసు. లేదు అన్నా సరే, ఆ "లేదు"లోనే పోల్చుకుంటాడు.

తల అడ్డంగా ఊపాను.

"సూసినావా?" అన్నారెవరో వెనకనుంచి. నీలమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. దానేసు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. తర్వాత మెల్లగా, తనలో తాను, "అయితే అదే" అన్నాడు. ఆయన కూడా నమ్మేశాడు. ఆ క్షణంలో ఆయన మొహం చూశాను. తన చెవులు తనవి కావని తెలుసుకున్న మనిషి మొహం.

రికార్డు చేయడం తప్పే. కానీ అది తెలియక చేసిన తప్పు. తల ఊపడం తెలిసి చేశాను.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? పోలీసులనా? చాలాకాలం నాకు నేను ఇంకో కారణం చెప్పుకున్నాను. ఈ సంగతి బయటపడితే ఎవరూ ఆ యాప్‌ని నమ్మరు, దానివల్ల బతికేవాళ్లు కూడా పోతారు, నేను పది మంది కోసం ఊరుకున్నాను అని. ఎంత అందమైన కారణం! ఏదో పుస్తకంలోది లాగా ఉంటుంది. అసలు కారణం ఇంత చిన్నది. అంత మంది నా వైపు చూస్తారని. అంతే. ఒక మనిషికి మతి పోయిందని ఊరంతా నమ్మినా ఫరవాలేదు కానీ, ఆ నిమిషంలో అంత మంది కళ్లు నా మీద పడడం నేను ఓర్చుకోలేకపోయాను.

నీలమ్మ పుట్టింటికి వెళ్లిపోయిందని తర్వాత విన్నాను. ఒక ఆదివారం, లైబ్రరీకని ఇంట్లో చెప్పి, ఆటోలు మారి ఒంటరిగా రామయ్యపట్నం వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. దానేసు ఒడ్డున, పడవలకి దూరంగా, ఎవరివో వలలు బాగు చేస్తున్నాడు. ఆయన పక్కన ఎవరూ లేరు. ఇంకొంచెం దగ్గరికి వెళ్లాను. ఇంతలో ఆడపిల్ల ఒకతి వెనకనుంచి ఎవరినో పిలుస్తూ పరిగెత్తింది. దానేసు చేతిలో వల వదిలేశాడు. తిరిగి చూడలేదు. రెండు చెవులూ గట్టిగా మూసుకుని, కళ్లు మూసుకుని, ఆ పిల్ల దూరం వెళ్లేదాకా అలాగే ఉన్నాడు.

నేను ఇప్పుడు వెనకనుంచి పలికితే ఏమవుతుంది? ఆయన్ని పిలుస్తున్నది నిజంగా ఆ గొంతే కదా. ఊరివాళ్లు చెప్పింది అక్షరాలా జరుగుతుంది. కడలి దగ్గర, వెనకనుంచి, అదే గొంతు, మళ్లీ. ఆయన భయపడుతున్న దెయ్యం అక్కడికి ఆటోలో వచ్చి, చెప్పులు చేత పట్టుకుని ఇసకలో నిలబడి ఉంది.

వచ్చేశాను.

ఆ తర్వాత వెళ్లలేదు. వెళతానని మీకు మాటివ్వను. మంచి మాట చెప్పి గడి నింపడం నాకు బాగా వచ్చు. మళ్లీ ఆ పని చేయను. సింహాద్రి తిరిగి రాడు. నీలమ్మకి నేను ఏమిచ్చినా అది తమ్ముడు కాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు కూడా.

దానేసుకి గాలి సోకలేదు. ఆయన విన్నాడు. అది నా గొంతు. ఈ మూడు వాక్యాలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు మధ్యాహ్నం. ఇది రాసి, గది తలుపు దగ్గరగా వేసి, ఆ మూడు వాక్యాలూ పైకి చదివాను. గొణగలేదు. గట్టిగా, ఎదురుగా ఆయన కూర్చుని ఉన్నట్టు చదివాను. గొంతు మొదట పగిలింది, తర్వాత నిలబడింది. నాకే కొత్తగా ఉంది. ఛాతీలో ఏదో కాస్త సడలింది, అంతకంటే ఏమీ జరగలేదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ గొంతులో చిన్న బెదురు. "ఎవరే లోపల? ఎవరొచ్చినారు?"

"ఎవరూ రానేదమ్మా" అన్నాను. "నేనే."