నోరు చూపని బేరం

ముందు ఆ చప్పుడే వినిపించేది. నాలుకను అంగిలికి తాకించి వదిలితే వచ్చే ‘ట్ట్’ అనే చప్పుడు. పులివెందుల గొర్రెల సంతలో, తెల్లవారి దుమ్ము ఇంకా లేవకముందు, అక్కడొకటి ఇక్కడొకటి, రేకుల మీద తొలి చినుకుల్లా. ఆ తర్వాతే గొర్రెల వీపుల మధ్య నుంచి, ఆ చప్పుడు చేసే నబీ రసూల్ తలగుడ్డ కనిపించేది.

అతనిది ప్రొద్దుటూరు. పని పళ్ళు చూడడం. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి గొర్రె ఈడు చెప్పడం. గొర్రెకు ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య కాస్త మేర ఉత్త చిగుళ్ళే ఉంటాయి. ఆ ఖాళీలో బొటనవేలు పెడితే ఎంత మొండి పొట్టేలైనా నోరు తెరుస్తుంది, కరవలేదు. దేవుడు గడియ పెట్టడం మరిచిన తలుపు అది అనేవాడు. పాలపళ్ళు ఊడిన నోరు, కొత్తగా రెండు పళ్ళు లేచిన నోరు, ముసలితనంలో పళ్ళు చెదిరి, సందులు పడి, పొట్టి గడ్డి కొరకలేని నోరు, అన్నీ అతని వేలికి తెలుసు.

సంతలో ఒక కట్టుబాటు ఉంది. నోరు చూపకుండా అమ్మినవాడు, కొన్నవాడు తెచ్చి విడిస్తే మారుమాట లేకుండా వెనక్కి తీసుకోవాలి. తగాదా వస్తే అందరూ నబీ రసూల్ వైపు తిరిగేవాళ్ళు. “వాపసు” అనేవాడు. దానితో సరి.

అతని కూతురు ఆసియాకు ముందు పళ్ళ మధ్య సందు. తల్లి మస్తానమ్మ పోలిక. మస్తానమ్మ పోయాక ఆమెది ఆ ఇంట్లో మిగిలింది ఆ సన్నని చీకటి గీత ఒక్కటే. ఆసియా నవ్వితే అతను చేస్తున్న పని ఆపి చూసేవాడు.

జమ్మలమడుగు నుంచి గులాబ్‌బీ తన కొడుకు హుమాయున్‌కు పిల్లను చూడడానికి వస్తోందని తెలిసినప్పుడు మాత్రం అతనికి భయం పట్టుకుంది. సందు పళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో కలిమి నిలవదు, బరకత్ ఉండదని కొందరు పెద్దామెలు అనుకునే మాట అతని చెవిన పడకపోలేదు.

“నవ్వొద్దు పాపా. తల వంచుకోని కూచో. ఏమడిగినా ఊఁ అను.”

“నోరు మూసుకోనే ఊఁ అనాల్నా నాయనా?”

“ఆ ఒక్క పొద్దుకే లేమ్మా.”

ఆసియా పకపకా నవ్వింది.

చూపుల నాడు తల ఎత్తకుండా ఊఁ అన్న పిల్లను చూసి గులాబ్‌బీ మురిసిపోయింది. “శానా అణకువ గల పిల్ల అన్నా. ఈ కాలంలో ఇట్లాంటిది యాడ దొరుకుతాది.”

పెళ్ళయింది. హుమాయున్‌కు రావలసిన కువైట్ వీసా రాలేదు. మొదట ఏజెంటును తిట్టారు. తర్వాత తిట్టడానికి ఇంట్లోనే ఒక మనిషి దొరికింది. ఆ సందులోంచే మా బరకత్ అంతా కారిపాయ అని గులాబ్‌బీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఒక సాయంత్రం నబీ రసూల్ ఇంటి ముందు ఆటో ఆగింది. హుమాయున్ దిగి బ్యాగు కింద పెట్టాడు. ఆసియా ఆటోలోనే కూర్చుంది. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే గడపల్లోకి వచ్చారు.

“మామా, ఒక మాట అడుగుతా. సంతలో నోరు చూపీకుండా అమ్మితే ఏం జేస్తారు?”

అడిగిన తీరు అచ్చం సంతలో అడిగినట్టే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు గొంతులో సిద్ధంగా ఉంది. ఆలోచన లేచి చెప్పులు వేసుకునేలోపే మాట గడప దాటేసింది.

“వాపసు” అన్నాడు నబీ రసూల్.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆసియా ఆటో దిగింది. తన బ్యాగు తనే తీసుకుని, తండ్రి పక్కనుంచి, గోడ పక్కనుంచి నడిచినట్టు లోపలికి వెళ్ళింది.

మర్నాడు అతను జమ్మలమడుగు వెళ్ళి, పెద్దమనుషుల్లో పెడతానన్నాడు. గులాబ్‌బీ చెంబుతో నీళ్ళిచ్చింది.

“పెట్టన్నా. తీర్పు నువ్వే జెప్తివి గదా, మీ వీధంతా ఇనింది. ఇంగ వాళ్ళేం జెప్తారు?”

పెద్దమనుషులూ అదే అన్నారు, ఇంకాస్త మెత్తగా.

పళ్ళ డాక్టరు ఆ సందు పూడుస్తాడని ఎవరో చెబితే, నబీ రసూల్ ఆశగా ఇంటికి వచ్చి కూతురికి చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“ఆ పొద్దు నోరు మూసుకోమంటివి. ఈ పొద్దు సందు మూయమంటాండావు.”

తండ్రితో ఆమె ఆడిన ఆఖరి నిండు మాట అదే.

ఆసియా ఇప్పుడు బట్టల షాపులో పని చేస్తుంది. అక్కడ బాగా నవ్వుతుందట. అది కూడా అతనికి పక్కింటివాళ్ళు చెప్పిన సంగతే. ఇంట్లో మాత్రం తండ్రి ఎదుట నోరు తెరవదు. మాటకే కాదు, మెతుక్కీ తెరవదు. అతను సంతకు వెళ్తూనే ఉన్నాడు. పళ్ళు చూస్తాడు, ఈడు చెబుతాడు. తగాదా రేగితే పక్కకు తిరిగి బీడీ వెలిగించుకుంటాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగరు.

ఇదంతా అతను ఒక మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని, సంత సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషికి చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే లోపల కంచం కింద పెట్టిన చప్పుడైంది. మాట అక్కడే వదిలేసి లేచాడు. ఆ మనిషిని చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాకా నడిపించి, గొంతు తగ్గించి అన్నాడు:

“ఇంగ ఆడ మాట్లాడొద్దప్పా. పాప అన్నం తింటాంది. నా గొంతు ఇనపడితే ముద్ద దిగదు.”