హైమ పోగొట్టుకున్న ఇంగ్లిషు మాటలు

భీమక్కకు క్లాసులో ఎవరి మీదా కుళ్లు లేదు, ఒక్క హైమ మీద తప్ప.

అది 1987. ఇద్దరూ భద్రాచలంలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్నారు. చర్ల అవతలి అడవి పల్లె నుంచి వచ్చిన భీమక్క గిరిజన బాలికల హాస్టల్లో ఉండేది. తల్లి పుల్లమ్మ వేసవిలో తునికాకు కోసేది, వానాకాలంలో కూలికి పోయేది. హైమ తండ్రి వెంకటనారాయణ కృష్ణా జిల్లా నుంచి వచ్చి, గోదావరి ఒడ్డున మిరప తోటలు వేసిన ఆసామి. మార్కుల్లో ఎప్పుడూ భీమక్కే ముందు. అయినా హైమ నోరు తెరిచి నాలుగు ఇంగ్లిషు ముక్కలు మాట్లాడితే చాలు, లెక్చరర్లు భీమక్క ఉన్న సంగతే మరిచిపోయేవారు.

హైదరాబాదులోని ఒక ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లిషు బి.ఏ. చదవడానికి ఇద్దరూ ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టారు. మధిరలో ఉండే హైమ మేనమామ కష్టమైన విశేషణాలు మూడు వందలు ఏరి, పక్కన తెలుగు అర్థాలతో ఒక నోట్‌బుక్కు రాసిచ్చాడు. ఆ రోజు నుంచి హైమకు పట్టపగ్గాలు లేవు.

"మీ వార్డెనమ్మ ఎంత గారులసో కదే!"

"అంటే ఏంది?"

"వాగుడుకాయ అని. ఆ మాత్రం తెలీదూ?"

హైమ ఎగతాళికి అనలేదు. కానీ భీమక్కకు ఎగతాళిగానే తగిలింది. తనకూ ఒక మామ ఉన్నాడు, బొజ్జయ్య. విల్లు పడితే గురి తప్పడు, కానీ వేలిముద్ర వేస్తాడు.

పరీక్ష మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం హైమ ఆ నోట్‌బుక్కును బల్ల మీద మరిచి వెళ్లింది. భీమక్క చుట్టూ చూసింది. ఇచ్చేద్దామనే తీసింది. హాస్టలుకు వచ్చాక మాత్రం రేకు పెట్టెలో లంగాల అడుగున పెట్టి తాళం వేసింది.

మర్నాడు హైమ కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. భీమక్కకు జాలి కలగలేదు. హాయిగా ఉంది. ఆ హాయిని చూసి తనకే భయమేసింది.

రోజూ హాస్టలు వెనక కూర్చుని మాటలు నమిలి మింగింది. టాసిటర్న్ అంటే నోరు విప్పని మనిషి, అచ్చం బొజ్జయ్య మామ. వొరేషియస్ అంటే ఎంత తిన్నా తనివి తీరనిది, వాన కురిసిన నాటి గోదావరి. ఒక్కో మాటకూ తన ఊళ్లో ఏదో ఒకటి దొరికేది.

నాలుగో రోజున హైమే హాస్టలుకు వచ్చింది.

"మామయ్యకు టైఫాయిడ్, మళ్లీ రాసివ్వలేడు. నేను నీ దగ్గర వాగినవన్నీ నీకు గుర్తుంటాయి కదే. చెప్పవూ?"

"గుర్తున్నకాడికి చెప్త," అన్నది భీమక్క.

రోజుకు పది పన్నెండు మాటలు గుర్తు తెచ్చుకున్నట్టు నటిస్తూ చెప్పింది. హైమ చేయి పట్టుకుని, "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నే," అన్నప్పుడల్లా గర్వంగా ఉండేది. అయినా కొరుకుడుపడని మాటలు వంద దాకా తన దగ్గరే దాచుకుంది.

పరీక్షలో పదిహేను విశేషణాలు వచ్చాయి. వాటిలో ఆరు భీమక్క దాచుకున్నవే.

సీటు భీమక్కకు వచ్చింది, హైమకు రాలేదు. కబురు తెలిసి పుల్లమ్మ సంతోషంతో హాస్టలు గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. సాయంత్రం హైమ అరిసెలు తెచ్చి, "నువ్వు చెప్పినవే రాశానే, మిగతావి నా రాత," అన్నది.

ఆ మాట భీమక్క తట్టుకోలేకపోయింది.

"నీ నోట్‌బుక్ నేనే తీసిన, హైమా."

హైమ చేతిలోని డబ్బా కింద పెట్టింది. "మరి నాకు అన్నీ చెప్పావా?"

భీమక్క తల వంచుకుంది. హైమ అరిసెల డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. భీమక్క రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు.

చదువు ముగిశాక భీమక్క దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లిషు టీచరైంది. ఏ పిల్లకైనా ఒక మాట చెబితే, తెలిసినదంతా చెప్పేదాకా వదిలేది కాదు. "మా టీచరమ్మ గంట కొట్టినా ఆపదు," అని పిల్లలు విసుక్కునేవారు.

తొంభై ఆరులో ఒకసారి భద్రాచలం బస్టాండులో హైమ కనిపించింది. పక్కన ఐదేళ్ల కూతురు. గుర్తుపట్టి, "బాగున్నావా?" అని మాత్రం అడిగింది.

"బాగున్న. నువ్వు?"

హైమ తలూపింది. ఇంతలో ఖమ్మం బస్సు వచ్చింది. హైమ కూతురితో ఇంగ్లిషులో ఏదో అన్నది, తడుముకోకుండా, నీళ్లు పారినంత తేలిగ్గా. ఐదేళ్లుగా పాఠాలు చెబుతున్నా భీమక్కకు ఆ తేలిక ఇంకా పట్టుబడలేదు.

క్షమించమని అడగాలనే అడుగు ముందుకు వేసింది. కానీ గుండెలో మొదట చురుక్కుమన్నది ఆ పాత కుళ్లే. అది చల్లారేలోగా హైమ ఎక్కిన బస్సు కదిలిపోయింది.