మేయరు చేతిలో లేని తాళం

మా ఊరి సమాధుల తోటకి ఇనప గేటు ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి తీస్తారు, పొద్దు వాలగానే మూసేస్తారు. లోపల నిప్పు వెలిగించకూడదని గేటు పక్కనే బోర్డు. మా ఆయన్ని అక్కడ పెట్టేదాకా ఆ బోర్డు సంగతి మేమెవరమూ పట్టించుకోలేదు.

మేముండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌కి ఆనుకుని ఉన్న చిన్న ఊళ్ళో. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. నేనూ మా ఆయనా అమ్మాయి దగ్గరికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. ఆయన ఇక్కడే పోయాడు, ఇక్కడే పెట్టాం. మట్టి ఎక్కడైనా మట్టే, దానికి నేనేం ఏడవలేదు. నాకు దిగులు పట్టుకుంది ఈస్టరు గురించి.

మా గోదావరి వైపు మా చర్చివాళ్ళకి ఈస్టరంటే తెల్లారకముందే సమాధుల తోటకి వెళ్ళడం. ముందు రోజే గడ్డి పీకి, సున్నం వేసి, పూలు పెట్టి ఉంచుతాం. చీకటి ఉండగానే ఇంటిల్లిపాదీ వెళ్ళి, ఎవరి మనుషుల దగ్గర వాళ్ళం కొవ్వొత్తులు వెలిగించుకుని, పాటలు పాడుకుంటూ పొద్దు పొడిచేదాకా కూర్చుంటాం. పోయినవాళ్ళు లేచే రోజు కదా, చీకట్లో లేవకూడదు అనేది మా అమ్మ. ఆస్పత్రి మంచం మీద మా ఆయన, "ఈస్టరుకి నన్ను చీకట్లో ఉంచకు" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మనిషి నన్ను ఏదీ నోరు తెరిచి అడిగి ఎరగడు. సరే అన్నాను.

మొదటి ఈస్టరుకి చీకట్లో వెళ్ళి గేటు బయట కారులో కూర్చున్నాం. ఎనిమిదింటికి తీశారు. అప్పటికి ఎండ వచ్చేసింది. ఐనా వెలిగించాను. తోట చూసుకునే అతను వచ్చి, పాపం మర్యాదగానే, సారీ మేడమ్ అన్నాడు. నేను ఆర్పేదాకా చేతులు కట్టుకుని నించున్నాడు. మా ఆయన తలదగ్గర కొవ్వొత్తిని నా నోటితో నేనే ఊదాను. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. నేను అన్నం మానేసే రకం కాదు.

ఆ ఏడు చివర్లో మా తెలుగు చర్చి అబ్బాయి ఈ ఊరికి మేయరయ్యాడు. అబ్బాయి అంటే చిన్నవాడేం కాదు, నలభై దాటినవాడు. వాళ్ళమ్మ కాకినాడ నుంచి నర్సు ఉద్యోగానికి వస్తూ పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. చదువు అబ్బలేదు. గ్రీన్ కార్డు మీదే ఇక్కడి ఆర్మీలో చేరి యుద్ధానికి వెళ్ళాడు. యుద్ధంలో ఉండగానే సిటిజన్ అయ్యాడు. తిరిగొచ్చి ఈ ఊళ్ళో ట్రక్కులకి బ్రేకులు వేసే షాపులో చేరాడు. బంధువు లేడు, స్నేహితుడు లేడు, ఈ ఊరే ఎందుకు వచ్చాడో ఎవరికీ తెలీదు. ఇళ్ళు చవకని వచ్చుంటాడు అనుకున్నాను నేను. చాలా ఏళ్ళు కౌన్సిల్‌లో మెంబరుగా చేశాడు. మేయరు పనికి ఇచ్చేది గ్యాసుకి కూడా రాదట. అందుకని పొద్దుట్నుంచీ షాపు, సాయంత్రం ఊరు.

చర్చిలో సన్మానం పెట్టారు. స్టేజీ మీద పెద్ద కుర్చీ, శాలువా, కేకు. నాకు ఈ ఖర్చులు గిట్టవు. అతను శాలువా కప్పించుకుని కిందికి దిగి, దాన్ని మడిచి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి, గరిటె పుచ్చుకుని బిర్యానీ వడ్డించడం మొదలెట్టాడు. నేను లైన్లోంచి, "బాబూ, నీతో ఒక పనుంది" అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను. తలెత్తలేదు.

"మేయరవగానే చెవులు పనిచెయ్యడం మానేశాయా?" అన్నాను గట్టిగా.

వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుని అటుపక్కకి తిప్పింది. "అక్కయ్యగారూ, ఆ ఎడమ చెవి యుద్ధంలోనే పోయింది. ఇటు నుంచి చెప్పండి."

అతను నవ్వాడు. "ఒకటే పోయింది లెండి మామ్మగారూ. ఊరందరి గోల వినడానికి రెండోది ఉంది. ముక్క వెయ్యనా?"

"రెండు వెయ్యి" అన్నాను. అడగాల్సింది ఆ జనంలో అడగలేకపోయాను.

మళ్ళీ ఈస్టరు నెల రోజులుందనగా అరిసెలు చేశాను. పని అడగడానికి ఉత్త చేతుల్తో వెళ్తామా? మా నాన్న మున్సిపల్ చైర్మన్ ఇంటికి పులసలు పట్టుకెళ్ళి మా వీధికి కుళాయి వేయించాడు. అమ్మాయి తల కొట్టుకుంది.

"అమ్మా, ఇక్కడ అలా తీసుకెళ్ళకూడదు. బ్రైబ్ అంటారు."

"అరిసెలని ఏమన్నా అంటే అననీ. డ్రైవ్ చెయ్యి ముందు."

వెళ్ళేసరికి అతను గరాజ్‌లో గడ్డి కోసే మిషను తిరగేసి బ్లేడు సానబడుతున్నాడు. మిషను చూస్తే నా వయసుండేట్టుంది.

"మేయరుగారి మిషనేనా? పారేసినా ఎవరూ ఏరుకోరు."

"నాది కాదండి. ఒక పెద్దావిడది. ఆవిడ కొత్తది కొననివ్వదు, మీలాంటిదే" అన్నాడు. అన్నాక డబ్బా చూశాడు. "అరిసెలా?"

"నువ్వులు అద్దినవి. ముందు నా మాట విను." కుడి పక్కకి వెళ్ళి నించుని మొత్తం చెప్పాను. మా ఆయన అడిగింది, నేను ఊది ఆర్పింది, అంతా. "నువ్వు మేయరువి. ఒక్క పూట, చీకటుండగానే ఆ తాళం తీయించు. నేను వెలిగించుకుని వచ్చేస్తాను. మూడోకంటికి తెలీదు."

అతను చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ తాళం నా చేతిలో లేదు మామ్మగారూ. అది ఊరిది."

"ఊరంటే నువ్వే కదా."

"కాదండి. మీకు తీశాననుకోండి, మేయరు తనవాళ్ళకి తీశాడంటారు. నిజమే కదా, తీసినట్టే కదా. రేపు ఇంకొకళ్ళకి కాదు అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీటింగుకి రండి. ఎజెండాలో పెట్టమని అడగొచ్చు, ఎవరైనా అడగొచ్చు. మూడు నిమిషాలిస్తారు. తెలుగులో చెప్పండి, మీ మనవరాలు ఇంగ్లీషులో చెప్తుంది."

"నువ్వెందుకు చెప్పవు?"

"నేను మీటింగు నడిపే కుర్చీలో ఉంటాను."

"ఆ కుర్చీ ఎందుకు మరి? మనవాళ్ళకి ఒక్క గేటు తీయించలేనివాడివి!"

అతను డబ్బా వంక ఒకసారి చూసి, "అవి మాత్రం పట్టుకెళ్ళిపోండి. ఇంకాసేపుంటే తినేస్తాను" అన్నాడు. నేను పట్టుకొచ్చేశాను. నువ్వులద్దిన అరిసెలు కాదనే మేయర్ని ఏ దేశంలోనూ చూడలేదని దారంతా తిట్టాను. అమ్మాయి నవ్వు ఆపుకుంటూ డ్రైవ్ చేసింది.

తిట్టినా మీటింగుకి వెళ్ళక తప్పుతుందా? ఆ నెలంతా చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరి, కరిగించి, ఖాళీ జామ్ సీసాల్లో పోసి, మధ్యన వొత్తి నిలబెట్టాను. నేను సీసాలు పారెయ్యను. గాలికి ఆరకుండా మా ఆయనకి ఒకటి, పోతే పోనీ అని ఇంకో రెండు. ఏ సంచీలో ఏం పెడతానో నాకే తెలీదు కాబట్టి మీటింగు రోజున కూడా ఒకటి సంచీలో ఉండిపోయింది.

మనవరాలు దారిలోనే బెదరగొట్టింది. "అమ్మమ్మా, ఓన్లీ త్రీ మినిట్స్. రెడ్ లైట్ వస్తే ఆపెయ్యాలి. నాకు కొన్ని వర్డ్స్ రావు, ఈజీగా మాట్లాడు."

"నేను చదివింది ఐదో తరగతి. కష్టంగా మాట్లాడటం నాకేం వచ్చు?"

పెద్ద హాలు. పైన వరసగా కౌన్సిల్ వాళ్ళు, మధ్యలో మా చర్చి అబ్బాయి, చేతిలో చిన్న సుత్తి. మాట్లాడేవాళ్ళ వైపు కుడి చెవి తిప్పి కూర్చున్నాడు. నన్ను ఎరగనట్టే పిలిచాడు, కోపం వచ్చింది. మైకు దగ్గర చెప్పాల్సింది చెప్పాను. చీకట్లో ఉంచకన్నాడని చెప్పేసరికి నా మనవరాలు మధ్యలో ఆపేసింది. ఆపకు, లైటు ఎర్రబడుతుంది అన్నాను. ఆ ముక్క కూడా ఇంగ్లీషులో చెప్పేసింది. హాలంతా నవ్వారు.

అప్పుడు కౌన్సిల్లో ఉన్న ఒక పెద్దాయన, రిటైరైన ఫైర్‌మన్, ఒకసారి ఎండుపూల దండకి కొవ్వొత్తి అంటుకుని తోటలో ఓ మూల కాలిపోయిందనీ, ఆ బోర్డు పెట్టించింది తనేననీ చెప్పాడు. తప్పుగా మాట్లాడాడని అనను. నాకూ నిప్పంటే భయమే.

వెనక నుంచి ఒక తెల్లావిడ కర్ర పట్టుకుని లేచింది. నాకంటే పెద్దది. ఆవిడ చెప్పింది మనవరాలు నా చెవిలో చెప్పింది. ఆవిడ కొడుకూ మా మేయరూ యుద్ధంలో ఒకే బండిలో ఉన్నారట. బండి కింద బాంబు పేలింది. వీడికి చెవి పోయింది, అతను మనిషే పోయాడు. అతను ఈ తోటలోనే ఉన్నాడు. వీడు ఆర్మీ నుంచి వస్తూనే ఆవిడ తలుపు తట్టి, మీ అబ్బాయి మీ ఇంటి గడ్డి గురించి బెంగపడేవాడు అన్నాడట. అప్పట్నుంచీ ఆవిడ గడ్డి వీడే కోస్తున్నాడు. ఈ ఊరికి ఎందుకొచ్చాడో నాకప్పుడు తెలిసింది.

"ప్రతి ఈస్టరుకీ చీకట్లో వచ్చి ఆ తోట వెనక గేటు బయట నించుంటాడు" అందావిడ. "వాళ్ళ ఊళ్ళో అలా చేస్తారట. ఎనిమిదింటిదాకా నించుని లోపలికి వస్తాడు. ఇన్నేళ్ళు కౌన్సిల్‌లో ఉన్నావు కదా, రూలు మార్చమని అడగరాదా అంటే, నా సొంతానికి నేను అడగను అంటాడు. ఇవాళ ఈవిడ అడిగింది. నేనూ అడుగుతున్నాను."

నేను పైకి చూశాను. మా అబ్బాయి మొహం కందిపోయింది. సుత్తి పక్కావిడ చేతికిచ్చి, ఈ విషయంలో నాకు సొంత పని ఉందని తేలింది కాబట్టి నేను ఓటు వెయ్యను, ఇక్కడ ఉండను అని చెప్పి లేచి బయటికి పోయాడు. ఓటు పెట్టారు. చేతులు అటూ ఇటూ సమానంగా లేచాయి. సమానమైతే వీగిపోయినట్టేనట. అతను కూర్చునుంటే ఒక్క చెయ్యితో అయిపోయేది! మంచినీళ్ళ సీసా కోసం సంచీలో చెయ్యి పెడితే జామ్ సీసా వచ్చింది.

దాన్ని పట్టుకుని అలాగే ఫైర్‌మన్ ముందుకి నడిచాను. పిలవకుండా వెళ్ళకూడదట, నాకేం తెలుసు. "చూడండి. చుట్టూ గాజు. వొత్తి అడుక్కే ఉంటుంది. మూత పెడితే ఆరిపోతుంది" అన్నాను. మనవరాలు పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. వెలిగించమన్నాడు. కాయితం అంచు పట్టి ఊగించాడు, మంట దాకా పోలేదు. మూత పెట్టాడు. ఆరిపోయింది.

"ఇలాంటివే అయితే" అన్నాడు. "విడి కొవ్వొత్తులు వద్దు, ఎండుపూలు వద్దు, తోట అతను దగ్గరుండాలి. ఆ ఒక్క పొద్దున, ఎవరైనా రావచ్చు." మళ్ళీ ఓటు పెట్టారు. ఈసారి ముందు లేచింది ఆయన చెయ్యే.

వరండాలో మా అబ్బాయి గోడకి ఆనుకుని నించున్నాడు. అంత మనిషీ పరీక్ష ఫలితం కోసం నించున్న కుర్రాడిలా ఉన్నాడు. కుడి పక్కకే వెళ్ళాను.

"తీస్తారట."

తల దించుకున్నాడు.

"నీకూ వెలిగించుకోవాలని ఉందని నాకు చెప్పొచ్చు కదయ్యా ఆ రోజు?"

"చెప్తే మీరు నాక్కూడా కలిపి అడిగేవారు మామ్మగారూ" అన్నాడు.

మనుషుల్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు. మెచ్చుకోలేదు. "మొహం కడుక్కో, లోపల పిలుస్తున్నారు" అన్నాను.

ఈస్టరు పొద్దున గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. గేటు తోట అతనే తీశాడు. మేము నలుగురమే ఉంటాం అనుకున్నాను. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మన చర్చివాళ్ళు, కార్లు రోడ్డు మీద దాకా ఉన్నాయి. ఫైర్‌మన్ నీళ్ళ బకెట్టు పట్టుకుని వచ్చాడు. మేయరు లైన్లో ఆఖర్న, ఆ పెద్దావిణ్ణి కుడిచెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు.

మా ఆయన దగ్గర సీసా పెట్టి వెలిగించాను. గాలికి మంట వంగింది, మళ్ళీ లేచి నిలబడింది. మాటిచ్చిన ప్రకారం చీకట్లో ఉంచలేదు అన్నాను ఆయనతో, అంతే. కొంచెం అవతల మా అబ్బాయి నేనిచ్చిన రెండో సీసా వెలిగించి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ తెల్ల కుర్రాడి దగ్గర మన ఈస్టరు పాట మెల్లిగా పాడుతున్నాడు, తెలుగులో. ఆవిడకి ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూ వింటోంది. మేమూ అందుకున్నాం.

పొద్దు పొడిచాక మా సీసా మూసి సంచీలో పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

"మామ్మగారూ, ఆ అరిసెలున్నాయా? ఇప్పుడు తినొచ్చనుకుంటా" అన్నాడు.

"నీకోసం నెలరోజులు దాచిపెడతానా? ఆ వారమే తినేశాం. ఆ సీసా ఇటివ్వు."

"ఇంకా వెలుగుతోందండి."

చూశాను. అడుగున ఇంకా మైనం ఉంది. "సరే, వెలగనీ. అయిపోయాక తెచ్చివ్వు, మూతతో సహా. వచ్చే ఏడాదికి పనికొస్తుంది."

పై ఆదివారం చర్చికి తెచ్చిచ్చాడు. కడిగి, తుడిచి, మూత పెట్టే తెచ్చాడు.