బిళ్ల కట్టింది

ఎనభైల్లో నంద్యాలలో మా పక్కింట్లో ఉండిన జువాలజీ మేడంకు ఒక అలవాటు. ఏ పిల్లాడి కాలికి దెబ్బ తగిలినా గాయం కంటే ముందు గజ్జల్లో తడిమి చూసేది. పుండు పడితే అక్కడ గడ్డలా ఉబ్బి బిళ్ల కడుతుంది. కడితే తల్లులం మాకు భయం. కట్టకపోతే ఆమెకు భయం.

ఆమె పెద్ద కొడుక్కి ఎన్ని పుండ్లు చీము పట్టినా ఒక్కసారీ బిళ్ల కట్టలేదు. వాడు పోయాక ఒకరోజు నాతో అంది: "ఎముకల మూలుగలో పుట్టే బి కణాలు ఆ బిళ్లల్లో కాపుంటాయక్కా. క్రిమి వస్తే అవి పెరిగి, దానికి విరుగుడు తయారు చేస్తాయి. అందుకే బిళ్ల ఉబ్బుతుంది. మావాడి ఒంట్లో ఆ కణాలే తయారు కాలేదు."

చిన్నవాడికీ అంతే కావొచ్చని డాక్టరు అన్నాడట.

సెలవులకు ఆళ్లగడ్డలో అవ్వ దగ్గరున్న చిన్నవాడికి తుమ్మముల్లు దిగి జ్వరమొచ్చిందని కబురొచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను. బస్సులో దారి పొడుగునా ఆమె వేళ్లు చీర కొంగునే తడుముతూ ఉన్నాయి.

మేం వెళ్లేసరికి ఆమె అత్త సున్నంలో బెల్లం కలుపుతోంది.

"ఏందమ్మీ, అట్ల నిలబడినావు? గజ్జల్లో బిళ్ల కట్టి ఏడుస్తాండాడు. కరిగిపోతాదని పట్టేస్తాండా."

మేడం వాడి గజ్జల్లో తడిమింది. వాడు కెవ్వుమన్నాడు. మళ్లీ తడిమింది. తర్వాత అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దత్తా, కరిగించొద్దు. ఇంగొక్కసారి చూసుకోనీ."