సులువైన కాన్పు

మొన్న చలికాలంలో పోయిన మా కస్తూరి పిన్ని గురించి ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఎవరిని అడిగినా ముందు ఆమె పెట్టిన భోజనం సంగతే చెబుతారు. అలాంటి మనిషి ఒక్క కోడలికి మాత్రం అన్నం తక్కువ పెట్టింది. ప్రేమతోనే.

కొడుకు భరద్వాజ్ కడుపులో బాగా పెరిగాడని పిన్నికి ఆపరేషన్ చేశారు. కుట్లు చీముపట్టి నెలల తరబడి మంచం దిగలేదట. చివరి నెలల్లో తిండి తగ్గిస్తే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుందని పుట్టింటి ఆడవాళ్లు అన్న మాటను అప్పుడే గట్టిగా పట్టుకుంది.

కోడలు సాయిసుధ అసలే సన్నం. సివిల్స్ చదువంటూ బేర్ సరాయ్ అద్దె గదిలో టీ బిస్కెట్లతో పూటలు గడిపేసిన పిల్ల. కడుపుతో ఉన్నా బరువు పెరగడం లేదని డాక్టరు చెబుతూనే ఉంది.

ఓ ఆదివారం నేనూ అక్కడే భోంచేస్తున్నాను. సుధ మారు వడ్డించుకోబోయింది.

"చాల్లే అమ్మాయ్, లోపల పహిల్వాన్‌ని పెంచుతున్నావా?" అంది పిన్ని.

"డాక్టర్ తినమంటోంది అత్తయ్యా."

"ఆవిడకేం, కోసి కుట్టేసి ఇంటికి పోతుంది. పడేది నువ్వు."

అందరం నవ్వాం. సుధ కూడా నవ్వి చెయ్యి కడుక్కుంది.

కాన్పు పిన్ని అన్నంత సులువుగానే అయింది. ఆడపిల్ల. నెలలు నిండినా రెండు కిలోలు కూడా లేదు. పాలు పీల్చే ఓపిక లేక, ఒళ్లు చల్లబడిపోతుంటే అద్దాల పెట్టెలో పెట్టారు.

"తల్లి ముందునుంచే బాగా సన్నం. తర్వాతా బరువు పెరగలేదు. బిడ్డకి ఎక్కడినుంచి అందుతుంది?" అంది డాక్టరు హిందీలో.

పిన్ని ఆ మాట విని గోడకు ఆనుకుంది. కనిపించిన ప్రతి నర్సునీ "దీదీ, బచ్ జాయేగీ నా?" అంటూ బిడ్డ బతుకుతుంది కదా అని అడిగింది. వాళ్లు ఆమె భుజం తట్టి వెళ్లిపోయేవారు. బిడ్డకు ఇన్‌ఫెక్షన్ సోకింది. వారం తిరక్కుండానే పోయింది.

ఇంటికొచ్చాక సుధ మంచం పక్కన కింద కూర్చుని పిన్ని అంది, "నన్ను తిట్టవే. ఒక్క మాటైనా అను."

సుధ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు కోత తప్పాలనే కదా అత్తయ్యా..."

పిన్ని చెయ్యి విడిపించుకుని లేచింది. వంటింటి గుమ్మం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆ పూట వంట నేను చేశాను.