గొంతు లేని ఏడుపు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, జూన్ వానలు మొదలైన వారంలో నాకు హెల్త్ విజిటర్‌గా ప్రమోషన్ ఇచ్చి, పోర్ట్ బ్లెయిర్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ వైపు వేశారు. ఊళ్లో టీకాలు వేసే ఏఎన్ఎంకు పైన, మెడికల్ ఆఫీసరుకు కింద ఉండే ఉద్యోగం అది. చేసేది కిందివాళ్లు, సంతకం పెట్టేది నువ్వు అని మా ఇంట్లో నన్ను ఆటపట్టించేవారు. నా కిందికి వచ్చిన పల్లెల్లో ఒకటి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారులది. దాని పేరు రాయను. అక్కడ ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉండడంతో టీకాలు కూడా నేనే వేసేదాన్ని. మావాళ్లూ ఆ తీరం వాళ్లే కనుక ఈ పల్లెతో నాకు ఇబ్బంది ఉండదనుకున్నాను.

టీకాల రోజంటే ఎక్కడైనా చెవులు చిల్లులు పడాలి. ఒకరు ఏడుపు మొదలుపెడితే వరసలో ఉన్న పిల్లలంతా అందుకుంటారు. ఫెరార్గంజ్‌లో పనిచేసినప్పుడు సాయంత్రానికి తల పగిలిపోయేది. ఇక్కడ మాత్రం పని హాయిగా సాగేది. నెలన్నర పిల్లలు గోలపెట్టేవారు కానీ, మూడు నెలలు దాటినవాళ్లలో కొందరు కిక్కురుమనేవారు కాదు. చూడడానికి బొద్దుగా ఉండేవారు. బరువు తూచి రాస్తే తల్లీబిడ్డల కార్డు మీద గీత, ఆరోగ్యానికి గుర్తయిన ఆకుపచ్చ పట్టీలోనే పైకి వెళ్లేది. ‘బిడ్డ ప్రశాంతం, ఫిర్యాదు లేదు’ అని రాసి సంతకం పెట్టేదాన్ని. ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోయాను కూడా. 

రెండేళ్లు అలా గడిచాక, ఒక బుధవారం మధ్యాహ్నం మేం టీకాలు వేసే అంగన్‌వాడీకి నూకరత్నం తన కొడుకును మూడో విడతకు తెచ్చింది. రత్నం దీవుల్లోనే పుట్టి పెరిగిన పిల్ల, మాటల్లో హిందీ కలుస్తుంది, ఇరవై రెండేళ్లుంటాయి. బాబుకు జ్వరం లేదు. తొడకు సూది వేశాను. వాడు నోరు తెరిచాడు. ముఖం కందిపోయింది, కళ్లు నీళ్లతో నిండిపోయాయి, గొంతు నరాలు బిగుసుకున్నాయి. శబ్దం రాలేదు.

రేకుల మీద వాన పడుతోంది కదా, వినబడలేదేమోనని వాడి నోటి దగ్గర చెవి పెట్టాను. వెచ్చటి గాలి, దాని వెనకే సన్నటి బొంగురు ఊపిరి తగిలాయి. అంతసేపూ వాడు నావైపే చూస్తూ ఏడ్చాడు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కరూ కంగారు పడలేదు. నాకు అన్నిటికంటే దానికే ఎక్కువ భయం వేసింది.

రత్నం అత్త పైడమ్మ మామూలుగా చెప్పింది: “మా కాడ మూడో నెల దాటినాక కొందరికి గొంతు ఎల్లిపోద్ది సిస్టరమ్మా. గంగమ్మ ముందల గొంతు తీసుకుంటాది, ఆనక పిల్లోణ్ణి. పెద్దోడికీ ఇలగే అయినాది కదేటి.”

రత్నం పెద్దకొడుకు అంతకు ముందు సంవత్సరం పోయాడు. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఫెర్రీలోనే ప్రాణం పోయింది. శిశు మరణం ఫారం నింపింది నేనే. ఊపిరాడక పోయాడన్నారు కనుక నిమోనియా అని రాశాను. గొంతు సంగతి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టాను. యాభై దాటకూడనిది, డెబ్బై దాటింది. పాదం మీద వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. కార్డు మీద నేను గీసిన గీతను ఆకుపచ్చ పట్టీలో ఉంచిన బరువు ఒంట్లో చేరిన నీటిదని అప్పుడు అర్థమైంది.

మెడికల్ ఆఫీసరుకు ఫోన్ చేశాను. ముప్పై ఏళ్లు కూడా లేని హిందీ డాక్టరు. చెప్పిందంతా విని, తల్లి ఏం తింటోందని అడిగారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న నేను అది చూడనే లేదు. రత్నాన్ని అడిగాను.

“చావలే దీదీ, ఒట్టి అన్నం. వెల్లుల్లి కారం, ఎండుచేప ముక్క. అత్త ఇంకేటీ పెట్టదు, పత్తెం కదా.”

పక్కనే ఉన్న వాళ్ల వంటింట్లోకి వెళ్లి చూశాను. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం. నాలుగు నీళ్లలో కడిగి, వండి, గంజి వార్చి మేకకు పోస్తున్నారు. పప్పు, ఆకుకూర ఐదు నెలలు నిషేధం. పైడమ్మ వాళ్ల అత్తగారి కాలంలోనూ పథ్యం ఇదే, కానీ అప్పుడు తిన్నది దంపుడు బియ్యం. పథ్యం అలాగే ఉంది, బియ్యం మారింది. పైగా, రేషన్ బియ్యంలో పురుగులున్నాయంటే నాలుగు నీళ్లు పోసి కడగమని మీటింగు పెట్టి మరీ చెప్పింది నేనే. ఇదంతా చెబితే, బెరిబెరి కావచ్చు అన్నారు డాక్టరు. పాలిష్ పట్టి, కడిగి, వార్చిన బియ్యంలో బి-వన్ విటమిన్ మిగలదు; తల్లి ఒంట్లో అది లేకపోతే పాలలోనూ ఉండదు. బిడ్డకు ముందు గొంతు పోతుంది, తర్వాత గుండె ఆగుతుంది. కదిలించవద్దనీ, ఇంజక్షన్‌తో అంబులెన్సులో తానే వస్తున్నాననీ అన్నారు.

ఆ బండి రావడానికి గంట పట్టింది. ఆ గంటలో, ఎవరూ పిలవకుండానే, ఇంకో ఇద్దరు తల్లులు పిల్లలను ఎత్తుకుని వచ్చి వసారాలో నిలబడ్డారు.  ముగ్గురు పిల్లలు నోళ్లు తెరిచి ఏడుస్తున్నారు, నాకు వాన చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. పట్టపగలు, నలుగురి మధ్య ఉండి కూడా అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

డాక్టరు దిగగానే పైడమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. గొంతు పోయిన పిల్లవాడికి సూది పొడిస్తే ఇప్పుడే పోతాడంది. రత్నం తన అత్త చెయ్యి తీసి పక్కన పెట్టింది.

“హటో అత్తా. పెద్దోడప్పుడు నాలుగు దినాలు నీ మాటే ఇన్నాను.”

ఇంజక్షన్ వేసి, పిల్లలు ముగ్గురినీ తల్లులతో సహా రోడ్డు మార్గాన ఆరోగ్య కేంద్రానికి తరలించాం. సాయంత్రానికి రత్నం కొడుకు ఊపిరి యాభైకి దిగింది. నాలుగో రోజు పొద్దున నేను వార్డులోకి వెళ్లేసరికి వాడు గీరుకుపోయిన గొంతుతో ఏడుస్తున్నాడు. నా సర్వీసులో ఒక ఏడుపు విని సంతోషించింది ఆ రోజే. మిగతా ఇద్దరూ బతికారు.

రత్నం మంచం మీద కూర్చుని పప్పన్నం తింటోంది. తల ఎత్తకుండానే అడిగింది: “బడావాడికీ ఈ సూదే ఏసుంటే బతికీవోడా దీదీ?”

చెప్పలేమమ్మా అని తప్పించుకోవడం మాకు అలవాటే. ఆ రోజు అలా అనలేకపోయాను. బతికేవాడే అన్నాను. ఆమె కంచంలో మిగిలింది పూర్తిగా తిని చెయ్యి కడుక్కుంది. తర్వాత, పల్లెలో ఇంకా ఎవరెవరు పథ్యంలో ఉన్నారో ఇంటింటి లెక్కన నాకు చెప్పి రాయించింది.

పరీక్ష ఆధారం లేకుండా మరణ కారణం మార్చకూడదని నిబంధన. అందువల్ల రికార్డులో ఆ పెద్దవాడు ఇప్పటికీ నిమోనియాతోనే పోయాడు. తల్లి కంచం చూడకుండా బిడ్డ కార్డు మీద సంతకం పెట్టకూడదని ఈ ఉదంతం నాకు నేర్పింది. ఆ తర్వాత రిటైరయ్యే వరకు పెట్టలేదు. అంతకు ముందు పెట్టినవి అలాగే ఉన్నాయి.